కర్త లేని మాట

సంపాదకులకు నమస్కారం.

1990ల తెలుగు దినపత్రికల భాషను పరిశీలించాలంటే ‘కుంభకోణం’ అన్న ఒక్క మాట పట్టుకుంటే చాలు. 1987లో బోఫోర్స్ తుపాకులతో అది జనం నోట బాగా నానింది. 1992లో షేర్ బ్రోకరు హర్షద్ మెహతా వ్యవహారంతో మొదటి పేజీలో కుర్చీ వేసుకుంది. 1996 వచ్చేసరికి హవాలా, దాణా, యూరియా, టెలికాం అన్నిటికీ తోకగా అతుక్కుంది. ఇవాళ మీ జిల్లా పేజీల్లో రేషన్ బియ్యానికీ, పింఛన్లకీ, గోనెసంచులకీ కూడా అదే మాట వాడుతున్నారు. ఆ మాట పాతబడిందని మా అభ్యంతరం కాదు. ఆ మాటకు కర్త అక్కర్లేదు, చిక్కంతా అక్కడే ఉంది.

తెలుగులో దొంగ దొంగిలిస్తాడు. గుమస్తా దొంగలెక్కలు రాస్తాడు. అధికారి లంచం తీసుకుంటాడు. కుంభకోణం మాత్రం జరుగుతుంది, వెలుగు చూస్తుంది, బయటపడుతుంది. ‘కుంభకోణం చేశాడు’ అని ఏ పత్రికా రాయదు. మహా అయితే ‘కుంభకోణానికి పాల్పడ్డారు’ అంటారు. పాల్పడడం అన్నది దౌర్జన్యానికీ, దొంగతనానికీ, ఆత్మహత్యకీ దేనికైనా సరిపోయే క్రియ. ఆ మనిషి చేత్తో ఏం చేశాడో అది చెప్పదు. ‘మోసం చేశారు’ అని రాస్తే ఎవరు, ఎవర్ని, ఎంతకు అన్న మూడు ప్రశ్నలూ వాక్యమే అడుగుతుంది. ‘కుంభకోణం బయటపడింది’ అంటే ఆ వాక్యం అక్కడితో పూర్తయిపోతుంది, ఇంకేమీ అడగదు.

డెస్కులో ఈ మాట అంతగా నిలబడడానికి కారణాలున్నాయి, వాటిని కాదనలేం. మొదటిది శీర్షిక కొలత. కుం, భ, కో, ణం: నాలుగే అక్షరాలు. ఒక్క సంయుక్తాక్షరం లేదు కాబట్టి కింద వేలాడే ముక్క లేదు. పెద్ద సైజులో రెండు వరసల శీర్షిక కూర్చేటప్పుడు పై వరస వత్తులు కింది వరస గుడుల్ని ఢీకొట్టడం తెలుగు అచ్చులో పాత తలనొప్పి. ‘అక్రమాలు’ అంటే క్రావడి, ‘దుర్వినియోగం’ అంటే అయిదక్షరాలు, పైగా ఓ వత్తు. ‘అవినీతి’ ఇముడుతుంది కానీ మరీ చప్పన. ‘కుంభకోణం’ ఒంటి కాలమ్‌లోనూ ఇముడుతుంది, ఎనిమిది కాలమ్‌ల బ్యానర్‌లోనూ నిండుగా కనిపిస్తుంది. రెండో కారణం చట్టం. కర్త లేని వాక్యం మీద పరువునష్టం దావా వేయడం కష్టం. పేరు పెట్టి ‘కాజేశాడు’ అని రాస్తే రేపు కోర్టులో రుజువు చూపాలి. ‘కుంభకోణం’ అంటే ఎవర్నీ అన్నట్టు కాదు, అయినా అందర్నీ అన్నట్టే ఉంటుంది. మూడోది సమాసం. ముందు ఏ నామవాచకం పెట్టినా అతుక్కుపోతుంది, మధ్యలో విభక్తితో పని లేదు.

ఆ కనిపించని విభక్తిలోనే అసలు నష్టం ఉంది. ‘దాణా కుంభకోణం’లో దాణా అంటే కొన్నట్టు కాగితం మీద చూపించిన సరుకు. ‘యూరియా కుంభకోణం’లో యూరియా అంటే డబ్బు కట్టినా రాని సరుకు. ‘హవాలా కుంభకోణం’లో హవాలా సరుకే కాదు, డబ్బు నడిచిన దారి. ‘బోఫోర్స్ కుంభకోణం’లో బోఫోర్స్ అమ్మిన కంపెనీ పేరు. ‘హర్షద్ మెహతా కుంభకోణం’లో ఉన్నది ఒక మనిషి. దేనితో, దేనికోసం, దేని ద్వారా, ఎవరివల్ల అన్న అయిదారు వేర్వేరు సంబంధాలు ఒకే అచ్చులో పడి ఒకేలా కనిపించాయి. పాఠకుడికి మిగిలింది ‘ఎవరో ఏదో తినేశారు’ అన్న భావం ఒక్కటే.

1992 సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ మాట స్థిరపడింది అప్పుడే. ఏప్రిల్ 23న ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’లో సుచేతా దలాల్ వార్త వచ్చింది: స్టేట్ బ్యాంకు సెక్యూరిటీల ఖాతాలో సుమారు 500 కోట్ల రూపాయల తేడా. వారం తిరక్కుండా ఏప్రిల్ 28న సెన్సెక్స్ ఒక్కరోజే 570 పాయింట్లు, అంటే దాదాపు 13 శాతం పడిపోయింది. తెలుగులో దీన్ని ‘షేర్ల కుంభకోణం’ అన్నారు, ‘సెక్యూరిటీల కుంభకోణం’ అన్నారు, ‘బ్యాంకుల కుంభకోణం’ అన్నారు. మూడూ ఒకటే అనుకున్నారు చాలామంది. కావు.

అప్పట్లో ప్రతి బ్యాంకూ తన డిపాజిట్లలో 38.5 శాతం ప్రభుత్వ బాండ్లు, ఆ కోవకు చెందిన సెక్యూరిటీల్లో పెట్టి ఉంచాలి. ఒక బ్యాంకుకు తాత్కాలికంగా డబ్బు కావాల్సి వస్తే తన బాండ్లను మరో బ్యాంకుకు ఇవాళ అమ్మి, పదిహేను రోజులకు కాస్త ఎక్కువ ధరకు తిరిగి కొంటానని ఒప్పుకునేది. దీన్ని రెడీ ఫార్వర్డ్ అంటారు. పేరుకు అమ్మకం, నిజానికి బాండ్లు కుదువబెట్టి తీసుకున్న అప్పు. ఆ ధరల తేడాయే వడ్డీ. బాండ్లు చేతులు మారినట్టు రిజర్వు బ్యాంకు పబ్లిక్ డెట్ ఆఫీసు లెడ్జర్లో ఎక్కాలి. ఆ లెడ్జర్ చేత్తో రాసేది, నమోదు బాగా ఆలస్యమయ్యేది. అందుకని బ్యాంకులు అసలు బాండ్ల బదులు ‘బ్యాంకు రసీదు’ ఇచ్చిపుచ్చుకోవడం అలవాటు చేసుకున్నాయి. ‘మీ డబ్బు ముట్టింది, బాండ్లు తర్వాత అందజేస్తాం’ అని రాసిన కాగితం అది.

మొదటి లోపం ఆలస్యంగా నడిచే లెడ్జర్. రెండో లోపం ఆ రసీదు. వెనక బాండ్లు ఉన్నాయో లేదో చూడకుండానే కొన్ని బ్యాంకులు రసీదులు రాసిచ్చాయి. బ్యాంక్ ఆఫ్ కరాడ్, మెట్రోపాలిటన్ కోఆపరేటివ్ బ్యాంకు ఇచ్చిన రసీదుల వెనక ఏమీ లేదు. మూడోది చెక్కు. కొన్న బ్యాంకు అమ్మిన బ్యాంకు పేర చెక్కు రాస్తే అది ఆ బ్యాంకుకే చేరాలి. కానీ మధ్యలో ఉన్న బ్రోకరు ఆ చెక్కు పట్టుకెళితే, అదే బ్యాంకులో ఉన్న అతని సొంత ఖాతాలో జమ చేసేవాళ్ళు. ‘ఇది ఇక్కడి ఆనవాయితీ’ అన్నారు. నాలుగోది ఆ డబ్బు చేరిన చోటు. షేర్ మార్కెట్లో కొన్ని కంపెనీల షేర్ల మీద కుమ్మరించి ధరలు పెంచారు. సుమారు 200 రూపాయల ఏసీసీ షేరు 9,000 దాకా ఎక్కింది. గడువు వచ్చిన అప్పు తీర్చడానికి మరో రసీదు మీద మరో అప్పు. ఎక్కడో ఒకచోట గొలుసు తెగాలి, అది స్టేట్ బ్యాంకు దగ్గర తెగింది.

ఇందులో పోయింది బ్యాంకుల సొమ్ము. షేర్లు ఆ సొమ్ము వెళ్ళిన గమ్యం మాత్రమే. ‘షేర్ల కుంభకోణం’ అన్న పేరు పోయినచోటు వదిలేసి చేరినచోటు పట్టుకుంది. దాంతో చిన్న మదుపరులు ‘మా షేర్ల డబ్బు అతను తినేశాడు’ అనుకున్నారు. ‘హర్షద్ మెహతా కుంభకోణం’ అన్న పేరు అంతకన్నా పెద్ద ఉపకారం చేసింది, కానీ అది పాఠకులకు కాదు. ఖాళీ రసీదు మీద సంతకం పెట్టిన అధికారి, చెక్కు మళ్ళించి జమ చేసిన శాఖ, నెలల తరబడి లెడ్జర్ సరిచూడని తనిఖీదారు ఆ పేరు వెనక తేలిగ్గా దాక్కోగలిగారు. రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నర్ ఆర్. జానకీరామన్ కమిటీ ఇచ్చిన నివేదికలు ఈ నాలుగు లోపాలనూ బ్యాంకువారీగా, లావాదేవీవారీగా విడదీసి చూపించాయి. పార్లమెంటు సంయుక్త కమిటీ కూడా కూర్చుంది. ఆ తర్వాత సరిదిద్దినవి కూడా ఒక్కో లోపానికి ఒక్కోటి. డబ్బు, బాండు ఒకేసారి చేతులు మారే పద్ధతి 1995లో వచ్చింది. షేర్లు కాగితం వదిలి ఎలక్ట్రానిక్ ఖాతాల్లోకి, అంటే డీమ్యాట్‌లోకి రావడానికి 1996 డిపాజిటరీల చట్టం దారి వేసింది. లోపం పేరు పత్రికలో పడి ఉంటే, మరమ్మతు జరిగినప్పుడు అది దేనికో పాఠకుడికి తెలిసేది. ఇవాళ డీమ్యాట్ ఖాతా ఉన్న తెలుగువాళ్ళు లక్షల్లో ఉన్నారు. వాళ్ళలో ఎంతమందికి దాని మూలం ఎక్కడుందో తెలుసు?

దాణా వ్యవహారంలో తెలుగుకు మరో ప్రలోభం దొరికింది. డబ్బుకోసం కానిపని చేయడాన్ని మనం ‘గడ్డి తినడం’ అంటాం. పశువుల దాణా అనగానే ఆ చమత్కారం ఎదురొచ్చి నిలబడింది. కానీ అసలు కథ పశువుల కొట్టంలో లేదు, జిల్లా ఖజానాలో ఉంది. 1996 జనవరి 27న అప్పటి బీహార్‌లోని చాయిబాసాలో డిప్యూటీ కమిషనర్ అమిత్ ఖరే పశుసంవర్ధక శాఖ కార్యాలయాల్లో సోదా చేయించారు. అక్కడ దొరికినవి దొంగ కేటాయింపు ఉత్తర్వులు, సరఫరా చేయని వాళ్ళ బిల్లులు. మామూలుగా అయితే ఒక శాఖ బడ్జెట్ 100 రూపాయలుంటే, ఖజానా అధికారి 100 దాటిన బిల్లును వెనక్కి పంపాలి. ఇక్కడ బడ్జెట్‌కు ఎన్నో రెట్ల బిల్లులు పాసయ్యాయి. పశువుల్నీ, మేతనూ మోసినట్టు చూపిన వాహనాల నంబర్లు చూస్తే వాటిలో స్కూటర్లున్నాయి. చాయిబాసా ఖజానా నుంచి పోయినది ఒక కేసులో 37.7 కోట్లు. అన్ని ఖజానాలూ కలిపి 950 కోట్ల దాకా లెక్క తేలింది. 2013 సెప్టెంబరు 30న లాలూప్రసాద్ యాదవ్ దోషిగా తేలింది ఆ 37.7 కోట్ల కేసులోనే. ‘దొంగ బిల్లులతో ఖజానా ఖాళీ’ అని రాసి ఉంటే, మన రాష్ట్రంలో ట్రెజరీ, పే అండ్ అకౌంట్స్ కార్యాలయాల్లో ఏం చూసుకోవాలో చదివినవాడికి తట్టేది.

యూరియా సంగతి చిన్నది, స్పష్టమైనది. నేషనల్ ఫెర్టిలైజర్స్ సంస్థ 1995లో టర్కీకి చెందిన కర్సాన్ అనే కంపెనీకి 2 లక్షల టన్నుల యూరియా కోసం 133 కోట్ల రూపాయలు ముందుగానే కట్టేసింది. ఒక్క బస్తా కూడా రాలేదు. దిగుమతిలో మామూలు పద్ధతి లెటర్ ఆఫ్ క్రెడిట్. సరుకు ఓడ ఎక్కినట్టు బిల్ ఆఫ్ లేడింగ్ చూపిస్తేనే బ్యాంకు డబ్బు విడుదల చేస్తుంది. ఆ తాళం తీసేసి మొత్తం అడ్వాన్సుగా పంపడమే తప్పు. ఆ ఒక్క ముక్క శీర్షికలో పట్టేది: ‘సరుకు రాకముందే 133 కోట్లు’. ఎరువు కోసం సొసైటీల దగ్గర చెప్పులు వరసపెట్టే రైతుకు అది అర్థమయ్యేది కూడా.

హవాలా దగ్గర ఆ మాట చేసిన కీడు వేరు. హవాలా అంటే ఇక్కడ ఒకరికిచ్చిన డబ్బు, నమ్మకం మీద, మరోచోట ఇంకొకరి చేతికి చేరడం. అది విదేశీ మారకద్రవ్య చట్టాన్ని దాటడం అవుతుంది. రాజకీయ నాయకుల మీద వచ్చిన ఆరోపణ మాత్రం లంచం. 1991 మే నెల సోదాల్లో దొరికిన జైన్ సోదరుల డైరీల్లో పొడి అక్షరాలు, ఎదురుగా అంకెలు ఉన్నాయి. 1996 జనవరిలో చార్జిషీట్లు వచ్చాయి, మంత్రులు రాజీనామా చేశారు, ఎల్.కె. అద్వానీ లోక్‌సభ సభ్యత్వం వదిలేశారు. 1998 మార్చి 2న వి.సి. శుక్లా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: విడి కాగితాలు సాక్ష్యాల చట్టం 34వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకం కావు. లెక్కల పుస్తకమైనా సరే, అందులో పేరున్నంత మాత్రాన బాధ్యత అంటగట్టలేం, వేరే సాక్ష్యం కావాలి. కేసులు నిలవలేదు. అప్పటికే రెండేళ్ళుగా ‘కుంభకోణం’ అని రాసిన పత్రికలకు దాన్ని వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. ‘హవాలా కుంభకోణంలో నేతలకు విముక్తి’ అన్నారు. కుంభకోణం అలాగే ఉంది, చేసినవాళ్ళు మాత్రం లేరు. ‘ఆరోపణ’ అని రాసి ఉంటే ‘ఆరోపణ నిలవలేదు’ అని రాయొచ్చు. ‘కుంభకోణం’ అన్నాక ‘కుంభకోణం లేదు’ అని రాయడానికి చెయ్యి రాదు. అదే కేసులో దర్యాప్తు ఎందుకు నత్తనడక నడిచిందన్న దానిమీద 1997 డిసెంబరులో వచ్చిన వినీత్ నారాయణ్ తీర్పు, సీబీఐ పనిని కేంద్ర విజిలెన్స్ కమిషన్ పర్యవేక్షణ కిందకు తెచ్చింది. ఆ తీర్పు నేటికీ పనిచేస్తోంది. హవాలా అనగానే గుర్తుండవలసింది అది.

ఇక అంకెలు. ‘ఇన్ని కోట్ల కుంభకోణం’ అన్న పదబంధంలో ఆ అంకె ఏమిటో ఎవరూ చెప్పరు. బోఫోర్స్ ఒప్పందం 1,437 కోట్లు. ముడుపులన్న ఆరోపణ సుమారు 64 కోట్లు. మొదటి అంకె పక్కన ‘కుంభకోణం’ పడితే మొత్తం పోయిందనిపిస్తుంది. నిజానికి తుపాకులు వచ్చాయి, 1999 కార్గిల్‌లో పేలాయి కూడా. యూరియా 133 కోట్లు మొత్తం పోయిన సొమ్మే. దాణా 950 కోట్లు ఏళ్ళ తరబడి ఖజానాల నుంచి కారిపోయినది. 2జి స్పెక్ట్రంలో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ చెప్పిన 1,76,645 కోట్లు అంచనా నష్టం: వేరే ధరకు అమ్మి ఉంటే వచ్చేదేమో అన్న లెక్క. ఎవరి జేబులోంచీ తీసిన డబ్బు కాదు. 2017 డిసెంబరు 21న ప్రత్యేక కోర్టు నిందితులందర్నీ నిర్దోషులంది, దానిమీద సీబీఐ అప్పీలు చేసింది. ఒకటి ఒప్పందం విలువ, ఒకటి పూర్తి నష్టం, ఒకటి దొంగ బిల్లుల మొత్తం, ఒకటి ఊహాలెక్క. ఈ నాలుగింటినీ ఒకే తక్కెడలో వేసి ‘దేశంలోనే అతిపెద్ద’ అని పోటీలు పెట్టడం 1990ల నుంచి వచ్చిన అలవాటే.

మన హైదరాబాదులోనే జరిగిన సత్యం కంప్యూటర్స్ ఉదంతంలో ఆ అలవాటు ఫలితం కళ్ళకు కట్టింది. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో లెక్క స్పష్టంగా ఉంది: లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లు, రాని వడ్డీ 376 కోట్లు, చూపించని అప్పు 1,230 కోట్లు, ఎక్కువ చేసి చూపిన బాకీలు 490 కోట్లు. కూడితే 7,136 కోట్లు. ‘7 వేల కోట్ల కుంభకోణం’ అన్నారు, వెంటనే ‘ఆ డబ్బు ఎక్కడికి పోయింది?’ అన్న ప్రశ్న మొదలైంది. అందులో చాలా భాగం ఎక్కడికీ పోలేదు, ఎందుకంటే అది ఎప్పుడూ లేదు. లేని లాభాన్ని త్రైమాసికం తర్వాత త్రైమాసికం రాసుకుంటూ పోతే బ్యాంకు నిల్వ కాగితం మీద పెరిగింది. అది దొంగలెక్క. నష్టపోయింది ఆ లెక్క నమ్మి షేరు కొన్నవాళ్ళు. ‘దొంగలెక్కలు’ అన్న తేట తెలుగు మాట చేతిలో ఉండగా ‘కుంభకోణం’ వాడాం, దాంతో ప్రశ్నే తప్పు దారి పట్టింది. అడగవలసింది: ఫిక్స్‌డ్ డిపాజిట్ల నిర్ధారణ పత్రాలు ఆడిటర్లు నేరుగా బ్యాంకుల నుంచి తెప్పించుకున్నారా, కంపెనీ చేతిమీదుగా తీసుకున్నారా?

ఆ దశాబ్దంలోనే సరైన మాట వాడిన సందర్భమూ ఉంది, దాన్నీ చెప్పాలి. 1993 జూలై 28న పి.వి. నరసింహారావు ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాస తీర్మానం అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లతో వీగిపోయింది. జార్ఖండ్ ముక్తి మోర్చా (జెఎంఎం) ఎంపీల ఓట్లు కొన్నారన్న కేసుకు తెలుగులో ‘జెఎంఎం ముడుపుల కేసు’ అన్న పేరు నిలిచింది. దేవుడి పేర పసుపుగుడ్డలో కట్టే ముడుపు, పని జరగాలని కట్టే ముడుపు: ఇచ్చినవాడు, తీసుకున్నవాడు, ఏ పనికోసం అన్న మూడూ ఆ మాటలోనే ఉన్నాయి. పక్కన ‘కేసు’ ఉంది కాబట్టి తీర్పు ఇంకా రాలేదనీ తెలుస్తోంది. అందుకే కేసు ఎన్ని మలుపులు తిరిగినా ఆ పేరు మార్చుకోనక్కర్లేకపోయింది. 2000లో నరసింహారావుకు శిక్ష పడింది, 2002లో హైకోర్టు కొట్టేసింది. సభలో ఓటుకు లంచం తీసుకున్న సభ్యుడికి రక్షణ ఉందన్న 1998 తీర్పును 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం కొట్టేసినప్పుడు కూడా ‘ముడుపులు’ అన్న మాట ఉన్నచోటే సరిగ్గా సరిపోయింది.

తెలుగుకు ఇలాంటి మాటల కరువు లేదు. దగ్గరున్న సొమ్ములో కొంచెం కొంచెం తీసేది చేతివాటం. పని కాకుండానే డబ్బు తీసుకునేది దొంగ బిల్లు. డిపాజిట్లు కట్టించుకుని మాయమవడం బోర్డు తిప్పేయడం. నెలనెలా అందేవి మామూళ్ళు. వేరేవాళ్ళ పేర ఆస్తి పెడితే బినామీ. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీల్లో ఊరివాళ్ళు ‘దొంగ మస్టర్లు’ (దొంగ హాజరు పట్టీలు) అంటారు, ‘కొలతల్లో తేడా’ అంటారు. గ్రామసభలో పేర్లు చదివి, పని చేశారా లేదా అని అడుగుతారు. అక్కడ ‘కుంభకోణం’ అన్న మాటతో ఏ పనీ జరగదు, ఎవరి పేర ఎన్ని రోజులు రాశారో చెప్పాలి.

మీ జిల్లా పేజీల్లో ‘బియ్యం కుంభకోణం’ అన్న శీర్షికకే ఇది వర్తింపజేసి చూడండి. బియ్యం పక్కదారి పట్టడానికి కనీసం మూడు దారులున్నాయి. డీలరు దగ్గర తూకంలో కోత ఒకటి. లేని కార్డుల పేర సరుకు ఎత్తడం రెండోది. మూడోది మిల్లులో జరిగేది: పౌరసరఫరాల సంస్థ ఇచ్చిన 100 కిలోల ధాన్యానికి మిల్లరు 67 కిలోల పచ్చి బియ్యం, లేదా 68 కిలోల ఉప్పుడు బియ్యం తిరిగి ఇవ్వాలి. అలా ఆడించిన మంచి బియ్యం బయట అమ్ముకుని, జనం దగ్గర కిలోకు పదో పరకో పెట్టి కొన్న రేషన్ బియ్యాన్నే మళ్ళీ పాలిష్ పట్టించి సంస్థకు అప్పజెపితే, అదే బియ్యం గుండ్రంగా తిరుగుతుంది. మొదటిదానికి జవాబు ఎలక్ట్రానిక్ కాటా. రెండోదానికి కార్డుల తనిఖీ, వేలిముద్ర. మూడోదానికి ఆ రెండూ పనిచేయవు. మిల్లులో ధాన్యం నిల్వ లెక్క, కరెంటు వాడకం, లారీల రాకపోకలు సరిచూడాలి. ఏ దారో చెప్పని వార్త చదివి తహసీల్దారు ఏం తనిఖీ చేస్తాడు?

అందుకని మీ డెస్కుకు మా సూచన. ఆ మాట రాయబోయే ముందు ఎవరి సొమ్ము, ఏ కాగితం మీద, ఎవరి సంతకంతో, ఎవరి చేతికి వెళ్ళింది అని విలేకరిని అడగండి. రెండింటికి జవాబున్నా చాలు, ‘కుంభకోణం’ అవసరం తీరిపోతుంది. జవాబు ఒక్కదానికీ లేకపోతే అది ఇంకా వార్త కాలేదు. దశను బట్టి మాట మార్చండి: ఎఫ్‌ఐఆర్ దాకా ఆరోపణ, చార్జిషీటు వేశాక అభియోగం, శిక్ష పడ్డాక నేరం. పరువునష్టం భయం ఉంటే కర్తను తీసేయకండి, చెప్పినవాడిని చేర్చండి. ‘సీబీఐ అభియోగం ప్రకారం’, ‘కాగ్ నివేదికలో’ అన్న రెండు మాటలు రక్షణా ఇస్తాయి, సమాచారమూ ఇస్తాయి. అంకె పక్కన అది ఒప్పందం విలువా, నష్టమా, అంచనా నష్టమా, ముడుపా అన్నది తప్పనిసరిగా ఉండాలి. సెక్షన్లు రాసేటప్పుడు 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత నంబర్లు వర్తిస్తాయి. పాత 420 ఇప్పుడు 318(4), ప్రభుత్వోద్యోగి నమ్మకద్రోహానికి పాత 409 ఇప్పుడు 316(5), దొంగలెక్కల 477ఎ ఇప్పుడు 344. మోసానికీ, నమ్మకద్రోహానికీ, దొంగలెక్కకూ చట్టం వేర్వేరు నంబర్లిచ్చింది. పత్రిక వాటిని మళ్ళీ ఒకే మాటలో కలిపేయనక్కర్లేదు.

చివరగా ఈ మాటకు పేరిచ్చిన ఊరి సంగతి. కుంభకోణం తంజావూరు జిల్లాలో కావేరి, అరసలార్ నదుల మధ్య ఉన్న పట్టణం. కుంభేశ్వరుడు, సారంగపాణి, చక్రపాణి వెలసిన చోటు. గణితవేత్త రామానుజన్ చదువుకున్న ఊరు. మనకు పరాయిదీ కాదు. తెలుగు నాయకరాజుల కాలంలో అచ్యుతప్ప, రఘునాథ నాయకుల మంత్రి గోవింద దీక్షితులు అక్కడ రామస్వామి గుడి కట్టించి, పన్నెండేళ్ళకోసారి మహామాఖ స్నానాలు జరిగే కోనేటి చుట్టూ పదహారు మండపాలు లేపాడు. అదే కావేరి గట్టున కొద్ది దూరంలో తిరువయ్యారులో కూర్చుని త్యాగయ్య తెలుగులో పాడాడు. పాత మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఆ ఊరి పేరు మోసానికి మారుపేరై మనకూ, మలయాళానికీ వచ్చింది. తమిళులు వాళ్ళ వార్తల్లో ‘ఊళల్’, ‘మోసడి’ అంటారు. కన్నడిగులు ‘హగరణ’ అంటారు. ఊరి పేరుతో తిడుతున్నది మనమూ, మలయాళీలే.

1992 ఫిబ్రవరి 18న ఆ ఊళ్ళో మహామాఖం తొక్కిసలాటలో సుమారు 50 మంది చనిపోయారు. రెండు నెలలు దాటగానే అదే మాట బొంబాయి బ్యాంకుల వార్తలకు శీర్షిక అయింది. 2004 జూలై 16న అక్కడి ఒక బడి పైకప్పు అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. ఆ వార్త రాసిన తెలుగు డెస్కుల ముందు ఉన్నది, పన్నెండేళ్ళుగా మోసం అన్న అర్థంలోనే అరిగిపోయిన మాట. మళ్ళీ 2028లో మహామాఖం వస్తోంది. లక్షల మంది వెళతారు, మనవాళ్ళూ ఉంటారు. అప్పటికైనా ‘కుంభకోణంలో భక్తుల రద్దీ’ అని మీరు వేస్తే, అది ఊరి పేరుగానే చదువుకునేలా ఉండాలని మా కోరిక.

ఇట్లు,
పత్రికాభాష మీద శ్రద్ధ ఉన్న పాఠకులు,
హైదరాబాదు